కాలువ కట్టే తేదీ

డెబ్బైల చివర్లో నేను బందరులో టైపిస్టుగా చేరాను. విదేశాలకు వెళ్ళే సరుకును తనిఖీ చేసి ముద్ర వేసే చిన్న ప్రభుత్వాఫీసది. రెండు గదులు, ఒక ఆఫీసరుగారు, ఒక అటెండరు, నేను. రోజూ గుడివాడ నుంచి బస్సులో వచ్చేదాన్ని.

ఒక వేసవిలో కలంకారీ అద్దకం చేసే సాయిబుగారొకరు దుప్పట్ల కట్టలు తెచ్చారు. ఆఫీసరుగారు తడిపిన తెల్లగుడ్డతో ఒక దుప్పటిని గట్టిగా రుద్దారు. గుడ్డకి ఎరుపు అంటుకుంది. ఇంకో మూడు తీసి చూశారు. అవీ అంతే.

"ముద్ర వెయ్యలేనండీ," అన్నారు.

సాయిబుగారి ముఖం కందిపోయింది. "తాతలనాటి నుంచీ ఇదే పనండీ మాది. రంగు దిగిందని ఎవరూ అన్లేదు. పారే నీళ్ళలో ఝాడిస్తేనే గుడ్డకి రంగు నిలుస్తుంది. చెప్పాపెట్టకుండా నీళ్ళు వదలడం మానేసి కాలువ కట్టేశారు, నిలవనీళ్ళలో ఉతికాం. అక్కడ నీళ్ళాపేదీ గవర్నమెంటే, ఇక్కడ ముద్ర ఆపేదీ గవర్నమెంటే!"

ఆఫీసరుగారు కసురుకుంటారేమోనని భయపడ్డాను. ఆయన కుర్చీ చూపించి, "కూర్చోండి. కాలువ ఎప్పుడు కడతారో మీకు ముందుగా తెలీదా?" అన్నారు.

"రైతులకి చెప్తారేమో. మాకెవరు చెప్తారండీ?"

ముద్ర మాత్రం వెయ్యలేదు. ఆ ఆర్డరు పోయింది. సాయిబుగారు కట్టలు రిక్షాలో వేసుకుని వెళ్తుంటే నా మనసు ఆగలేదు. "ఈ ఒక్కసారికి వేసెయ్యాల్సింది సార్," అన్నాను.

"విదేశంలో రంగు దిగితే ఈయన పేరెవరూ అడగరమ్మా. బందరు గుడ్డ ఇంతే అంటారు. అందరి పనీ పోతుంది."

మర్నాడు కాలువలు చూసే ఆఫీసుకి ఉత్తరం టైపు చేయించుకుని, పోస్టులో వెయ్యకుండా సైకిలెక్కి తనే పట్టుకెళ్ళారు. అద్దకంవాళ్ళతో మాకేం పని అన్నారట అక్కడ. మళ్ళీ వెళ్ళారు. నాలుగోసారి వెళ్ళొచ్చినప్పుడు చొక్కా చెమటతో తడిసి ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. కాలువ కట్టే తేదీ ఏటా నెల ముందే మాకు రాసి పంపడానికి ఒప్పుకున్నారు.

మరుసటేడు ఆ తేదీని గోడకి అంటించాం. తెలుగులో నేను టైపు చేశాను. దాని కింద సాయిబుగారే ఉర్దూలో రాశారు. ఆయన ముందుగానే పని ముగించి తెచ్చిన దుప్పట్లన్నీ తనిఖీలో నెగ్గాయి. పై ఏడాదికి చుట్టుపక్కల అద్దకంవాళ్ళందరూ వచ్చి ఆ తేదీ చూసుకున్నాకే ఆర్డర్లు ఒప్పుకునేవారు.

తర్వాత ఆఫీసరుగారికి బదిలీ అయింది. ఆయన వెళ్ళిపోయాక కూడా, ఎవరూ అడక్కుండానే, కాలువల ఆఫీసు నుంచి ఆ తేదీ కాగితం ఏటా వస్తూనే ఉండేది.