బిన్ మాయమైన మధ్యాహ్నం

కాకినాడ నుంచి డర్బన్ వచ్చిన కొత్తలో నేనొక మందుల గోదాములో కంప్యూటర్లు చూసేదాన్ని. అందరికీ ఓటొచ్చిన ఎన్నికలై, దేశం మారి కొన్నేళ్లే అయింది. ఉత్తర తీరం క్లినిక్కులకు వెళ్లే మందుల లెక్కంతా ఒక్క యూనిక్స్ మిషను మీద నడిచేది. ఆ గదిలో నాకు తోడుగా దగ్గర్లోని వెరులం ఊరి అమ్మాయినొకదాన్ని ఆపరేటరుగా వేశారు. అంతకుముందు కింద ప్యాకింగులో ఉండేది. వాళ్లమ్మ కూడా అక్కడే చేసిందట. తెల్లవాళ్ల పాలన రోజుల్లో భారతీయులను ఈ గది గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. కొన్నాళ్లు పని చూశాక, ఒక శుక్రవారం మేనేజరు సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్లీ ప్యాకింగే.

ఎప్పుడో మన వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి వచ్చిన బాప్టిస్టు కుటుంబం వాళ్లది. ఇంట్లో ఇంగ్లీషే. తెలుగులో ఆమెకు మిగిలినవి వరసలు, ప్రార్థన, తిట్లు, ఇంగ్లీషు కలిపి నాతో మాట్లాడే నాలుగు ముక్కలు. తిట్లు మాత్రం అచ్చం మా అమ్మమ్మవే. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు.

ఆ శుక్రవారం భోజనం చేసి వస్తుంటే గదిలోంచి కేక వినపడింది.

"అక్కా! ఈ ముదనష్టపు మిషను! ఏం కొట్టినా నాట్ ఫౌండ్, నాట్ ఫౌండ్!"

వెళ్లి చూశాను. ఫైళ్ల జాబితా చూపించే ఎల్‌ఎస్ కొడితే, అలాంటిదే లేదంది. అమ్మాయి చెయ్యి అప్పటికే లాగవుట్ వైపు పోతోంది.

"చెయ్యి తియ్యి! ఇందులోంచి బయటికొచ్చామా, మళ్లీ లోపలికి పోలేం. ఏం చేశావే తల్లీ?"

"ఓల్డ్ ఫైల్స్ క్లీన్ చేస్తా ఉంటి. ఆ స్క్రిప్ట్ రన్ చేస్తి. అది బ్యాకప్ డైరెక్టరీకి పోతది గదా? దెన్, బి తో స్టార్ట్ అయ్యేదంతా ఓల్డ్‌లోకి మూవ్ కొడ్తి."

విషయం అర్థమైంది. ఆ స్క్రిప్టు, అంటే వరస కమాండ్ల ఫైలు, ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషి రాసింది. అందులో ఒక డైరెక్టరీలోంచి, అంటే ఫైళ్ల అరలోంచి, ఇంకోదానికి మార్చే సీడీ కమాండు ఉన్న మాట నిజమే. కానీ సీడీ, మనం కొట్టింది అందుకుని నడిపే షెల్ సొంత కమాండు. ఏ షెల్ దాన్ని నడిపితే ఆ షెల్ ఒక్కటే కదులుతుంది. స్క్రిప్టు నడపడానికి ఇంకో షెల్ పుడుతుంది, అది వెళ్తుంది, పని కాగానే పోతుంది. మనం ఎక్కడున్నామో అక్కడే ఉంటాం.

"నీ బదులు ఇంకొకర్ని టాక్సీలో వెరులం పంపితే నువ్వు వెరులంలో ఉన్నట్టా?" అని అరిచాను.

"నో, అక్కా," అంది, ఏడుపు గొంతుతో.

అరిచినందుకు నాకే బాధేసింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. ఎల్‌ఎస్ లాంటివి విడిగా ఫైళ్లలో ఉండే ప్రోగ్రాములు, ఆ ఫైళ్లు దొరక్కపోతే అవి లేనట్టే. కానీ షెల్ తనలోనే పెట్టుకున్నవి ఎక్కడికీ పోవు. ఎకో అలాంటిది. ఎకో కొట్టి, అన్ని పేర్లూ అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టమన్నాను. షెల్ అక్కడున్న పేర్లన్నీ వరసగా చెప్పింది. కమాండ్లుండే బిన్ లేదు. దాని బదులు ఓల్డ్ ఉంది. మిషను మొట్టమొదటి డైరెక్టరీలో నిలబడి కొట్టడంతో, బి తో మొదలయ్యే బిన్ ఒక్కటే దొరికి, అక్కడ ఓల్డ్ అనే అర లేక, దాని పేరే ఓల్డ్ అయిపోయింది.

ఇంతలో మేనేజరు దూసుకొచ్చాడు. కింద స్క్రీన్లన్నీ ఆగిపోయాయట. "ఆఫ్ చేసి ఆన్ చేయండి," అంటూ స్విచ్చు మీద చెయ్యి వేయబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"ముట్టుకోకండి! ఇది మళ్లీ లేవాలంటే బిన్ కావాలి. ఇప్పుడు ఆపితే ఇక లేవదు."

ఆయన ముఖం కందగడ్డయింది, కానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను చెప్తుంటే అమ్మాయే కొట్టింది: ఓల్డ్ లోపలున్న మూవ్‌ని ఎక్కడుందో చెప్పే పూర్తి పేరుతో పిలిచి, ఓల్డ్‌ని బిన్‌గా మార్చింది. ఎల్‌ఎస్ పలికింది. కింద స్క్రీన్లు కదిలాయి. "యేసయ్యా," అని టేబుల్ మీద తల వాల్చేసింది.

"అసలేమైంది?" అన్నాడు మేనేజరు.

"డిస్కులో చిన్న..." అని నేను మొదలుపెట్టాను. అమ్మాయి తలెత్తి లేచి నిలబడింది.

"ఐ డిడ్ ఇట్, సర్."

ఆ స్క్రిప్టు ఎవరినైనా పొరబడేలా చేస్తుందని నేను మొత్తుకున్నాను. ఇన్నేళ్లు బాగానే నడిచింది కదా అన్నాడాయన. ఆ సాయంత్రం సంతకం పెట్టలేదు. ఇంకో మూడు నెలలు చూస్తానన్నాడు.

మెట్లు దిగుతున్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది, ఆయన మీదా, ఆమె మీదా.

"నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేదే? మిషను మీదికి నెట్టేసేదాన్ని, సంతకం అయిపోయేది!"

అమ్మాయి సంచి భుజాన సర్దుకుంది.

"రేపు ఇంకోటి పోయి, నేను చేయలేదంటే ఆయన నమ్మాల గదా, అక్కా," అంది. "ఆ రూంలో నేను చాలా రోజులు ఉండాల."