నిద్ర చేసిన పులుసు

మాచర్ల రోడ్డు మీద నుంచి ఊళ్ళోకి తిరిగి, మిరప చేల మధ్యగా కిందికి దిగితే రోడ్డు ఆగిపోయే చోట ఇసుక మొదలవుతుంది. ఆ ఇసుక చివర, కృష్ణ నీళ్ళకు కాస్త ఎగువన, మా పెద్దమ్మ తాటాకు పాక. రెండు బల్లలు, ఒక నీళ్ళ కుండ, మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి ముందు ఆమె కూర్చునే పీట. పీట ఎప్పుడూ ఏటి వైపే తిరిగి ఉంటుంది. ఈ చివరి సంగతి గుర్తు పెట్టుకోవాలి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పెద్దనాన్న పుట్టి మీద చేపలు పడతాడు. పుట్టి అంటే వెదురు అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. నడిపేది ఒక్క మనిషి, ఒక్క తెడ్డు. తెలియనివాళ్ళు ఎక్కితే అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. పెద్దనాన్న ఎక్కితే చెప్పిన మాట వింటుంది. ఆయన తెచ్చిన బొచ్చె, రాగండి, జెల్లలు పెద్దమ్మ వండుతుంది. నేను డిప్లొమా చదివి దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సులో చేస్తున్నాను. యంత్రం ఆగితే ఎందుకు ఆగిందో కారణాలు వరసగా రాయడం మా పని. ఆ అలవాటు సెలవు రోజున కూడా నన్ను వదలదు. అందుకే రేవుకు వెళ్ళినప్పుడల్లా ఏం మారిందో మనసులో వరస పెట్టుకుంటూ ఉంటాను.

ముందు, మారక ముందు సంగతి.

మా రేవులో ఎవరికీ తొందర ఉండేది కాదు. మిరప చేలకు మందు కొట్టి వచ్చినవాళ్ళు మొలలోతు నీళ్ళలో నిలబడి సబ్బు అరిగేదాకా రుద్దుకునేవాళ్ళు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల లారీ డ్రైవర్లు కనురెప్పల మీది సున్నం కడుక్కోవడానికి పని కట్టుకుని వచ్చేవాళ్ళు. అవతలి ఒడ్డున తెలంగాణలో చుట్టాలున్నవాళ్ళు పుట్టి కోసం కూర్చుని, అది వచ్చాక కూడా పేకాట అయ్యేదాకా లేచేవాళ్ళు కాదు. గేదెలు మెడలదాకా మునిగి అందరినీ చూస్తూ ఉండేవి. ఆకలేస్తే పెద్దమ్మ పాక.

అక్కడ ఒకే కూర, ఒకే నియమం. ఇవాళ పట్టిన చేప ఇవాళ సాయంత్రం వండుతుంది. రేపు మధ్యాహ్నం పెడుతుంది. పొయ్యి మీద నుంచి దించిన మట్టి దాకను చుట్టకుదురు మీద పెట్టి, మూత వేసి, మూత మీద రాయి పెట్టి, పక్కన కూర్చున్నది కలెక్టరైనా సరే తీయదు. పులుసు ఒక రాత్రి నిద్ర చేయాలి. అప్పుడే పులుపు ముక్క లోపలికి పోతుందని, కారం మెత్తబడుతుందని ఆమె లెక్క. మా ఇళ్ళన్నిటిలోనూ చేపల పులుసు మర్నాడే బాగుంటుందని తెలుసు. కాకపోతే ఆత్రం ఆపుకోలేక ఆ రాత్రే సగం లాగిస్తాం. పెద్దమ్మ ఒక్కతే ఆపగలిగింది.

"ఏందక్కా, దాకలో అంత ఉండగా లేదంటావేంది?" అని ఒక లారీ డ్రైవరు గొడవ పెట్టుకోవడం నాకు గుర్తుంది.

"అది రేపటిది."

"రేపటికి నేను యాడుంటానో! ఇయ్యాలే ఓ గరిటె పొయ్యి."

"ఒరేయ్, నీకు పెళ్ళిచూపుల నాడే పిల్లని పంపిచ్చారంట్రా? ఆగు. ఆగితేనే కాపురం."

అతను మర్నాడు లారీ ఆపుకుని వచ్చి తిన్నాడు. ఆ తర్వాత పెళ్ళాన్ని కూడా తీసుకొచ్చి చూపించాడు.

మార్పు రోడ్డుతో మొదలైంది. ఇసుక దాకా తారు పడగానే హైదరాబాదు నుంచి కుర్రాళ్ళు కార్లలో వచ్చి గుడారాలు వేశారు. వాళ్ళు ఫోటోలు పెట్టారు. ఫోటోలు చూసి ఇంకొందరు వచ్చారు. ఆపైన ఒక పెద్దమనిషి ఇసుకకు ఎగువన ఉన్న మిరప చేను కొని రిసార్టు కట్టాడు. అద్దాల గదులు, వీధి దీపాలు, గాలి నింపే రబ్బరు పడవలు, పొద్దున్నే చాపల మీద యోగా, కాఫీ మిషను. ఫోను మ్యాపులో మా రేవు పేరు పోయి 'బీచ్' అని వచ్చింది. వచ్చినవాళ్ళు కారు అద్దం దించి, "బీచ్ ఎటండీ?" అని పెద్దనాన్నను అడిగేవాళ్ళు. ఆయన నిజాయితీగా, "బీచంటే బాపట్ల పోవాల నాయనా. చానా దూరం వచ్చేశారు. వెనక్కి తిరిగి నరసరావుపేట మీదుగా పోండి," అని చెప్పేవాడు. ఒక కుటుంబం నిజంగానే వెనక్కి తిరిగిందని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఇవేవీ నాకు నచ్చలేదంటే అబద్ధం. ఆ కాఫీ బాగుంటుంది. ఊళ్ళో ఆడపిల్లలు కొందరు గదులు సర్దే పనికి యూనిఫారం వేసుకుని నడిచి వెళ్ళి నడిచి వస్తున్నారు. అంతకు ముందు ఆ మాత్రం పనికి పిడుగురాళ్ల బస్సు ఎక్కాల్సి వచ్చేది. పంచర్ల కొట్టు సాయిబు మామ ఇప్పుడు రబ్బరు పడవలకు గాలి కొడుతున్నాడు. "పుట్టికి గాలి కొట్టే రోజు వచ్చుద్దని నా తాత కూడా అనుకోలేదురా అల్లుడూ," అంటాడు నవ్వుతూ. కానీ గేదెలను ఇసుకలోకి రానివ్వడం మానేశారు. రిసార్టు కాపలా మనిషి లారీ డ్రైవర్లను 'ఎవరు, ఎందుకు' అని అడగడం మొదలుపెట్టాక వాళ్ళూ రావడం తగ్గించారు. పేకాట ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. ఒక సెలవు రోజు వెళితే లేదు, అంతే.

తర్వాత పాక వంతు వచ్చింది.

రిసార్టు వాళ్ళు నీళ్ళ మీదికి చెక్కలతో పెద్ద అరుగు కట్టడానికి అనుమతి తెచ్చుకున్నారు. అది సరిగ్గా పాక ఉన్న చోటికి వస్తుంది. పాక ఉన్నది ఏటి పోరంబోకు. పెద్దమ్మకు పట్టా ఏమీ లేదు. రిసార్టు మేనేజరు నా ఈడు కుర్రాడు, హైదరాబాదు వాడు. మంచివాడే. నేరుగా పాకకు వచ్చి, బల్ల మీద కూర్చుని చెప్పాడు.

"ఆంటీ, మిమ్మల్ని పొమ్మనడం లేదు. లోపల మా కిచెన్ పక్కనే మీకు కౌంటర్ ఇస్తాం. గ్యాస్ స్టవ్, ఫ్యాను, అన్నీ ఉంటాయి."

"ఆంటీ ఏందయ్యా, పెద్దమ్మ అను. ఆడ కూర్చుంటే ఏరు కనపడుద్దా?"

"లేదు పెద్దమ్మా. కిచెన్ వెనక వైపు కదా."

ఆమె ఏటి వైపు తిరిగి కూర్చుంది. ఎందుకో నాకు తెలుసు, అతనికి తెలియదు. ఒక ఎండాకాలం పెద్దనాన్న నడి ఏట్లో కళ్ళు తిరిగి పుట్టిలోనే ఒరిగిపోయాడు. పొయ్యి ముందు కూర్చున్న పెద్దమ్మ పుట్టి తిరిగే తీరు చూసి, దాన్ని మనిషి నడపడం లేదని గ్రహించింది. ఆమె వేసిన కేకలకు ఇంకో పుట్టి వెళ్ళి లాక్కొచ్చింది. డాక్టరు వద్దన్నా ఆయన ఏటికి వెళ్ళడం మానలేదు. ఆమె పీట మీద కూర్చోవడం మానలేదు. ఆమెకు పాక అంటే హోటలు కాదు, ఆయన కనపడే చోటు.

నేను టేపు తీసుకుని అరుగు వచ్చే చోటంతా కొలిచి, కాగితం మీద గీశాను. అరుగు ఒక మూల కోసి, రెండు స్తంభాలు పక్కకు జరిపితే పాక ఉన్నచోటే ఉంటుంది. పెద్దనాన్న సంగతి చెప్పి చూపిస్తే మేనేజరు ఆ గీత చాలాసేపు చూశాడు.

"కుదురుతుంది బ్రో. కానీ మా ఓనర్ సార్ ఒప్పుకోవాలి. ఆదివారం లంచ్‌కి వస్తున్నారు. పులుసు తింటే ఆయనే ఉంచమంటారేమో. డైనింగ్ హాల్లోనే వడ్డిద్దాం. శనివారం సాయంత్రమే దాక తెచ్చి మా కిచెన్‌లో పెట్టించండి."

ఆ శనివారం నేను సెలవు పెట్టి వెళ్ళాను. పెద్దనాన్న పెద్ద రాగండి తెచ్చాడు. పెద్దమ్మ ఉల్లిపాయలు వేయించి, మా పల్నాడు కారం దండిగా వేసి, చింతపండు రసం పోసి, ముక్కలు పేర్చింది. ముక్కలు పడ్డాక గరిటె పెట్టదు. దాక అంచులు రెండు చేతులా గుడ్డతో పట్టుకుని, లోపల పులుసు సుళ్ళు తిరిగేలా మెల్లగా తిప్పుతుంది. ఆ సాయంత్రం ఇంకా నెమ్మదిగా తిప్పింది. చల్లారాక నేనూ పెద్దనాన్నా దాకను మోసుకెళ్ళి రిసార్టు వంటగదిలో చుట్టకుదురు మీద పెట్టి, మూత వేసి, మూత మీద రాయి పెట్టి వచ్చాం.

ఆదివారం పొద్దున్న వెళ్ళేసరికి దాక బోర్లించి ఉంది. శుభ్రంగా తోమి.

మేనేజరు ఎదురొచ్చాడు. మొహంలో ఏ తప్పూ లేదు. "పెద్దమ్మా, మీరు వంట సామాను పెట్టుకున్నారనుకున్నా. చూస్తే నిన్నటి కూర ఉందట. మా కిచెన్‌లో రాత్రి మిగిలింది ఏదీ పొద్దున ఉంచరు, పారబోస్తారు, అది రూలు. ఫర్వాలేదు, ఫ్రెష్ ఫిష్ తెప్పించాం. సార్ వచ్చేలోపు వేడివేడిగా చేసేయండి."

పెద్దమ్మ దాకను తిప్పి చూసి, అతన్ని అడిగింది.

"యాడ పోశారు?"

"వెనక గుంటలో."

"కుక్కలన్నా తిన్నాయా?"

"తిన్నాయనుకుంటా."

"పోనీలే. ఈ ఊళ్ళో ఇయ్యాల మంచి పులుసు తిన్నవి అవే."

అతనికి అప్పుడు ఏదో తప్పు జరిగిందని తెలిసింది. పులుసు ఒక రాత్రి నిద్ర చేయాలన్న సంగతి నేను చెప్పాను. అతను తల పట్టుకున్నాడు. ఈ ఒక్కసారికి అప్పటికప్పుడు చేయమని బతిమాలాడు. నేనూ బతిమాలాను.

"చేత్తా. రేపు పెడతా," అంది.

"సార్ సాయంత్రమే వెళ్ళిపోతారు పెద్దమ్మా!"

"మరి గదులు కట్టింది ఎందుకయ్యా? ఒక నిద్ర చేసి పొమ్మను."

రిసార్టు వంటమనిషే ఏదో చేపల కూర చేశాడు. ఓనరు గారు తిని, బాగుంది అని, అరుగు పని తొందరగా మొదలుపెట్టమని చెప్పి కారెక్కారు. నేను గీసిన కాగితం ఆయన దాకా వెళ్ళనే లేదు.

పెద్దమ్మ మాత్రం అన్నమాట ప్రకారం ఆ సాయంత్రం వండింది. ఎవరి కోసం అని పెద్దనాన్న అడిగితే, "రేపటి కోసం," అంది. ఆ మాట మామూలుగానే అంది గానీ, ఎన్ని రేపులు మిగిలాయో ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు. సోమవారం మధ్యాహ్నం నేను బయలుదేరబోతుంటే మేనేజరు ఇసుకలో నడుచుకుంటూ వచ్చాడు. బల్ల మీద కూర్చుని, "సారీ పెద్దమ్మా," అన్నాడు.

"సారీ తర్వాత. చెయ్యి కడుక్కో."

మొదటి ముద్దకు అతను నావైపు చూశాడు. రెండో ముద్దకు ఎవరివైపూ చూడలేదు. మూడోసారి అన్నం పెట్టించుకుని, ముల్లు ఏరుతూ ఏరుతూ ఆగిపోయాడు.

"పెద్దమ్మా, దీన్ని తినాలంటే ఎవరైనా రాత్రి ఉండాల్సిందేనా?"

"ఉండాల్సిందే."

"మా వాళ్ళంతా పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతున్నారు. గదులు ఖాళీ."

"నిన్నటి నుంచీ నేను చెప్పేది అదేగదయ్యా!"

నా దగ్గర ఆ గీసిన కాగితం ఉందా అని అడిగాడు. ఉంది. దాన్ని ఫోటో తీసి పంపి, అక్కడే, చెయ్యి కూడా కడుక్కోకుండా, ఎడమ చేత్తో ఫోను పట్టుకుని ఓనరుతో మాట్లాడాడు. పాక గురించి గానీ పెద్దనాన్న గురించి గానీ ఒక్క మాట లేదు. పులుసు కోసం జనం రాత్రి బస చేస్తారనే చెప్పాడు. ఆ మాటలే పని చేశాయి.

అరుగు వచ్చింది. ఒక మూల కోసినట్టు ఉంటుంది. ఆ మూలలో పాక ఉంది. రిసార్టులో దిగినవాళ్ళను మొదటి సాయంత్రమే అడుగుతారు, రేపు మధ్యాహ్నం పులుసు కావాలా అని. పాక ముందు చెక్క మీద అందంగా రాసిన బోర్డు కూడా పెట్టారు. పెద్దమ్మ దాని మీద తువ్వాలు ఆరేస్తుంది. గేదెలు మాత్రం తిరిగి రాలేదు. పుట్టి వాళ్ళకు, పాతవాళ్ళకు పెట్టేది ఆమె వేరే దాకలో దాస్తుంది. అది అడిగినా అతిథులకు ఇవ్వదు.

మొన్నో సెలవు రోజు నేను చెప్పకుండా వెళ్ళాను. రెండు బల్లలూ నిండి, ఇసుకలో కూడా కూర్చుని తింటున్నారు. నేను వెళ్ళేసరికి రెండు దాకలూ ఖాళీ.

"నాక్కూడా లేదా పెద్దమ్మా?"

"చెప్పి రావాలిగదరా. ఇయ్యాల్టిది అయిపోయింది. రేపు తిందువుగాని."

"రేపు పొద్దున్నే డ్యూటీ ఉంది."

"అయితే నీ ఖర్మ," అంది. ఖాళీ దాక బోర్లిస్తూ, "ఎవరికన్నా చెప్పి మార్చుకోరాదూ. ఒక నిద్ర చేసి పో," అంది.

ఫ్యాక్టరీకి ఫోను చేసి డ్యూటీ మార్చుకున్నాను. వెల్లుల్లి వలవమని చాట నా ముందుకు తోసింది. ఎండ వాలింది. అతిథులు అరుగు మీద వరసగా నిలబడి సూర్యుణ్ణి ఫోటో తీస్తున్నారు. పెద్దమ్మ మాత్రం ఆ సూర్యుడికి కాస్త ఎడమగా, నీళ్ళ వైపు చూస్తోంది. మా అమ్మ ఎలా ఉందని అడుగుతూ అడుగుతూ మధ్యలో ఆగింది. దూరంగా ఒక నల్లటి చుక్క, మెల్లగా, ఒక పద్ధతిలో తిరుగుతూ ఒడ్డుకు వస్తోంది.

"ఆఁ, వత్తన్నాడు," అని చింతపండు నానబెట్టింది.