బాలనర్సమ్మ మూర

లాల్‌గడి మలక్‌పేట్ మలుపులో పూలగంప పెట్టుకునే బాలనర్సమ్మ నోటికి జడిసి ఆమెతో బేరమాడేవాళ్లు తక్కువ. మొగుడు పోయినప్పటి నుంచి ఆ గంపే ఇల్లు నడుపుతోంది. మనిషి పొట్టి, చెయ్యీ పొట్టే. మోచేతి నుంచి నడివేలి కొస దాకా మల్లెదండ పరిచి మూర అంటుంది. ఆపైన కాస్త కొసరు వెయ్యకుండా ఎవరినీ పంపేది కాదు. నేను తిరిగిన ఊళ్లలో ఏ ఇద్దరి మూరలూ కలవలేదు. ఈజిప్టులో రాజుగారి మోచేతి కొలతతో పిరమిడ్లే కట్టారట. ఆ మోచేతి మీద టేపు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? బాలనర్సమ్మ మోచేతి మీద మాత్రం పెట్టారు.

పెట్టింది మూడో తరగతి చదివే ఆమె కూతురు స్రవంతి. పెట్టించింది టీచరు అనూహ్య. కోస్తా నుంచి వచ్చి కొత్త కాలనీలో ఉంటున్న ఈ అమ్మాయికి, లెక్కలు ఇంట్లోంచే మొదలవ్వాలని పట్టుదల. ఆలోచన మంచిదే. "మీ అమ్మ మూర ఎంతో కొలుచుకుని రండి" అంది. వచ్చిన కొలతలన్నీ పేర్లతో సహా చార్టుకెక్కించి బడి వరండాలో తగిలించింది. అట్టడుగున, అన్నిటికన్నా పొట్టి గీత బాలనర్సమ్మది.

పిల్లల కోసం వచ్చిన తల్లులు అది చూశారు. "నీది దొంగ మూరట గదా" అని మొహం మీదే అని, వేరే బండి దగ్గరికి పోయారు. మల్లెలు గంపలోనే వాడిపోయాయి.

మర్నాడు బాలనర్సమ్మ గంపతో సహా బడిలోకి వచ్చింది.

"ఏందమ్మా టీచరమ్మా, నా చెయ్యి పొట్టిగుంటే ఊరంత దండోరేస్తవా? మరి నేనేసే కొసరేది? గది గీసినవా?"

"కొసరు కొలతలోకి రాదండీ. పిల్లలకి తేడా తెలియాలనే..."

"పిల్లల సంగతేమో గని, గిరాకీకి తెలిసింది. గీ వాడిన పూలు నువ్వు పెట్టుకుంటవా?"

అనూహ్య తప్పయిందంది, చార్టు చించేసింది. కాగితం చిరిగితే గిరాకీ తిరిగొస్తుందా? బాలనర్సమ్మ కూతురి సంచిలోంచి టేపు లాక్కుని వెళ్లిపోయింది.

దాని మీద, చార్టులో చూసిన అందరికన్నా పొడుగు మూరకు ఎర్ర నేల్‌పాలిష్ గుర్తు పెట్టుకుంది. ఇప్పుడు ఆ గుర్తు దగ్గరే కత్తెర పడుతుంది. గిరాకీ తిరిగొచ్చింది, గొణుక్కుంటూనే. కొసరడిగితే "టీచరమ్మనడుగు పో" అంటుంది.

మొన్న శుక్రవారం అనూహ్యే వచ్చింది. దండ అందుకుని, అలవాటు కొద్దీ చెయ్యి చాపే ఉంచింది.

బాలనర్సమ్మ ఆ చేతి వంక చూసి కత్తెర ఒళ్లో పెట్టుకుంది.

"కొసరు కొలతల రాదంటివి గదమ్మా. ఇగ జరుగు, ఎనక మంది నిలవడ్డరు."