మోతీబాయి నవ్వు

గార్ల రోడ్డు మీద ఆ రోజు పెద్ద పొయ్యి ముట్టించేసరికి ఎండ ముదిరింది. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సులు లేవు. రైళ్లు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో ఎవరికీ తెలియదు. బడులకు తాళాలు పడ్డాయి. ఊళ్లు వంతులు వేసుకుని వచ్చి రోడ్డు మీదనే వండుకుని, రోడ్డు మీదనే కూర్చుని తింటున్నాయి. వంటావార్పు అని దానికి పేరు. వంతు ఏ ఊరిదైనా పెద్ద గుండిగ దగ్గర మాత్రం మోతీబాయే ఉండేది. ఆమెను ఆ పనికి ఎవరూ పెట్టలేదు. మొదటిసారి పిలిస్తే వచ్చింది. రెండోసారి వద్దనలేదు. ఆ తరువాత పిలవడం కూడా మానేశారు, వస్తుందిలే అని.

పొగకు ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. మోకాళ్లు పట్టేశాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు.

పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న ఈదమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఓ మోతీ, తెలంగాణ వస్తే నిన్ను వంటల మంత్రిని జేస్తరే," అంది.

"చేస్తరు, చేస్తరు," అంది ఇంకొకామె. "కుర్చీ ఎవరికో ఇచ్చి, గరిటె మాత్రం ఈమె చేతిల పెడ్తరు."

అందరూ నవ్వారు. మోతీబాయి కూడా నవ్వింది. ఆమె ముఖం అలాంటిది. ఏ మాట అన్నా ముందు నవ్వు వస్తుంది. బాధ అనిపించినా అదే నవ్వు, బిడియమనిపించినా అదే నవ్వు. చూసేవాళ్లకు మాత్రం ఎప్పుడూ ఒకటే అర్థమవుతుంది, ఈమెకేమీ ఇబ్బంది లేదని.

టెంటు కింద మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదని, మనం అడుగుతున్నామని, అడిగి తెచ్చుకుంటామని. జనం చప్పట్లు కొట్టారు. మోతీబాయి అన్నం వార్చే పనిలో ఉండి ఆ మాటలు సగమే విన్నది.

తినేవేళకు విద్యాసాగర్ సారు విస్తరి పట్టుకుని వచ్చాడు. మోతీబాయి వాళ్ల గుట్టకింది తండాలో చిన్న బడి ఉంది. ఆ బడికి ఆయన హెడ్మాస్టరు. అందరితో పాటు ఆయనా సమ్మెలో ఉన్నాడు.

"మోతీబాయీ, మన బడిల వండే అవ్వ బిడ్డ దగ్గరికి డోర్నకల్ పోయింది. ఇగ రాదట. సమ్మె అయిపోంగనే బడి తెరుస్తం. వంటకు మనిషి కావాలె," అన్నాడు.

మోతీబాయి చేతిలో గరిటె ఆగింది.

"నాకైతే ఎవరైనా ఒకటే. మీ నాయక్‌తోని చెప్పిన, తండాల కూసొని ఒక పేరు తెంపి చెప్పుండ్రి అని. నీకు చెయ్యాలని ఉందా?"

ఉంది. ఆ క్షణంలో లోకంలో ఇంకేదీ అక్కరలేదన్నంతగా ఉంది. ఏటా సంక్రాంతి దాటగానే కూలీల గుంపుతో ఖమ్మం అవతలికి మిర్చి ఏరడానికి పోవాలి. చేలలోనే తాటిపత్రి గుడారాల కింద పడుకోవాలి. మిరప ఘాటుకు చేతులు మండితే, మజ్జిగలో ముంచినా ఆ మంట తగ్గదు, ఆ చేతితో కన్ను తుడుచుకుంటే ఇక ఆ రోజంతా ఏడుపే. పెళ్లయిన నాటి నుంచీ ఆమె చలికాలాలన్నీ అట్లా పోయాయి. బడిలో వంట దొరికితే ఈ ఏడాది ఇంటి దగ్గర ఉండొచ్చు. తన గుడిసెలో తన మంచం మీద పడుకోవచ్చు.

ఇదంతా ఆమె లోపల తిరిగింది. పైకి మాత్రం నవ్వింది. "మీ ఇష్టం సారూ," అంది.

"నా ఇష్టం కాదు, మీ తండా ఇష్టం," అని సారు పప్పు పోయించుకుని వెళ్లిపోయాడు.

మోతీ నోట్లో నాలుక లేదని ఆమె తల్లి అంటూ ఉండేది. మెచ్చుకునే అనేది. అత్తగారింటికి వచ్చాక అత్త కూడా అదే మెచ్చుకుంది. అన్నదమ్ములు భూమి పంచుకున్నప్పుడు బావి పక్క చెలక మరిదికి పోయింది, గుట్ట పక్క రాళ్ల చెలక మోతీబాయి పెనిమిటి దేవ్యాకు వచ్చింది. మోతీబాయి ఏమీ అనలేదు. మంచి కోడలని తండా అంతా పేరు. ఆ పేరును ఆమె ఇన్నేళ్లూ మోసింది. కట్టెల మోపును దించుకునే చోటు ఉంటుంది గానీ, పేరును ఎక్కడ దించాలో ఆమెకు తెలియలేదు.

ఇంటికి పోయాక దేవ్యాతో చెప్పింది. అతను బీడీ ఆర్పి, "మంచిదే. అడుగు," అన్నాడు.

"నువ్వు చెప్పరాదా?"

"వంట పని నీది. నేను లేచి చెప్తే మొగోడు పెండ్లాం కోసం కొట్లాడుతుండని నవ్వరా? అయినా నువ్వు అడిగేదేముంది. నీ చేతి వంట తెల్వనోడు ఉన్నడా తండాల."

ఆ మాట ఆమెకు ధైర్యమిచ్చింది. నిజమే, ఎవరికి తెలియదు. తీజ్ పండుగకు వండేది తనే, చావు దినాలకు వండేది తనే. తండాకు పెద్దయిన నాయక్ లచ్చిరాం తన చేతి అన్నమే కదా ఎన్నోసార్లు తిన్నాడు. ఆయనే పేరు ఎత్తుతాడు. తను అడగకపోయినా ఫరవాలేదు.

తండా పెద్దలు భవాని గుడి ముందు కూర్చున్నారు. మగవాళ్లు చాపల మీద, ఆడవాళ్లు వెనక నిలబడి. తండా కూర్చుంటే ఒక కట్టు ఉంది. నాయక్ మాటను మూడుసార్లు అడుగుతాడు. మూడోసారికి ఎవరూ ఎదురు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఆ పైన ఇంటికి పోయి గొణిగితే చెల్లదు. నోరున్నవాళ్లకు ఆ కట్టు బాగానే పనిచేసేది.

"బడిల వంట ఎవరు చేస్తరు?" అని లచ్చిరాం అడిగాడు.

మోతీబాయి ఎవరైనా తన పేరు అంటారేమోనని చూసింది. ఈలోపు ముందు వరుసలోంచి కళావతి కొంగు సర్దుకుంటూ ఒక అడుగు వేసింది. కళావతి మోతీబాయి తోటికోడలు, మరిది పెళ్లాం.

"నేను చేస్త తాతా. నా పిల్లలిద్దరు ఆ బళ్లెనే సదువుతున్నరు. నాకైతే దగ్గర."

"నీ పప్పు తిన్న మా కుక్క రెండ్రోజులు లేవలే," అని ఒక ముసలాయన అన్నాడు. నవ్వులు లేచాయి.

కళావతి తగ్గలేదు. "కుక్కకు మీ ఇంటిది పడలే మామా, నాది కాదు. నేర్చుకుంట. ఎవరు పుట్టంగనే నేర్చుకొచ్చిండ్రు?"

"సరే, కళావతి అంటున్నది. ఎవరికన్న వేరే మాట ఉందా?"

మోతీబాయి నోరు తెరిచింది. తోటికోడలి మీద పోటీకి లేస్తే ఏమంటారు? ఇన్నాళ్లు మంచిగుండి ఇప్పుడు బయటపడ్డదే అనరా? ఆమె దేవ్యా వైపు చూసింది. దేవ్యా నేల చూస్తున్నాడు.

"వేరే మాట ఉందా?" నాయక్ రెండోసారి అడిగాడు. ఆయన చూపు ఆడవాళ్ల మీదుగా వచ్చి మోతీబాయి దగ్గర ఆగింది. "ఏమ్మా మోతీ, నీకేమన్న ఉందా?"

అందరూ తిరిగి ఆమెను చూశారు. అంతమంది చూస్తుంటే ఆమెకు ఏది వస్తుందో అదే వచ్చింది. నవ్వింది.

"ఆమెకేముంటది, నవ్వుతున్నది," అన్నాడు నాయక్ ప్రేమగానే. మూడోసారి అడిగాడు. గుడి మీద కాకి అరిచింది, అంతే. మాట తెగింది.

సమ్మె ముగిసింది. బళ్లు తెరుస్తారనగా ముందు రోజు కళావతి వచ్చి గడపలో కూర్చుంది.

"అక్కా, రేపు జర నా ఎంబడి రావా? అంత అన్నం నేనెన్నడు వండలే. ఒక నాలుగు రోజులు నువ్వు దగ్గరుంటే చాలు."

మోతీబాయి జొన్నలు చెరుగుతోంది. చేట ఆపలేదు. అలవాటు ప్రకారం వస్తానులే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటను బయటికి తెచ్చే ఓపిక కూడా లేనట్టు ఆగిపోయింది.

"నేను రాను," అంది.

కళావతి సరిగా వినలేదేమోనని చూసింది. "ఏంది, పాణం బాగలేదా?"

"బాగనే ఉంది. ఆ పని నేను చెయ్యాలనుకున్న కళావతీ. నాకు కావాలని ఉండె."

కళావతి మెల్లగా, "మరి చెప్పకపోతివి. నాయక్ నీ మొఖం జూసి అడిగిండు గద. నువ్వు నవ్వితివి," అంది.

"నవ్విన."

"చెప్తే నేను లేవకపోదును అక్కా."

అది నిజమో కాదో మోతీబాయికి తెలియదు. కళావతికి కూడా తెలియదేమో. అయితే పని నువ్వే చేసుకో అని మాత్రం కళావతి అనలేదు. మోతీబాయి అనమని అడగనూ లేదు. కళావతి లేచి కొంగు దులుపుకుని, "సరే, నా తిప్పలు నేను పడ్త," అని వెళ్లింది. కోపంగా పోలేదు. మామూలుగానే పోయింది.

కళావతి మొదటి వారం అన్నం మాడ్చింది. పిల్లలు మాడు గీకి పక్కన పెట్టి మిగతాది తిన్నారు. సారు రెండుసార్లు గొణిగాడు. మరుసటి నెలకు ఆమెకు చెయ్యి కుదిరింది.

సంక్రాంతి దాటాక మోతీబాయి ఎప్పటిలాగే మూట కట్టుకుని గుంపుతో ట్రాక్టరెక్కింది. చేను దగ్గర గుడారాలు వేశాక గుంపు పెద్ద సక్రి బియ్యం బస్తా దింపించి, "మోతీ, పొద్దుగాల గుంపు వంట నీదే గద," అంది. అడగడం కాదు అది. ఏటేటా అందరికంటే ముందు లేచి గుంపంతటికీ వండి, ఆ తరువాత అందరితో సమానంగా మిరప ఏరేది మోతీబాయే.

"ఈసారి నేను చెయ్య సక్రీ. మోకాళ్లు నడుస్తలేవు. వంతులేసుకోండ్రి."

సక్రి తల గోక్కుంది. "ఆ, గట్లనే," అని తక్కిన ఆడవాళ్ల వైపు తిరిగి పేర్లు పిలవసాగింది. ఒకామె సణిగింది, ఇంకొకామె ఎల్లుండి చేస్తానంది. అంతలో మాట అయిపోయింది. ఎవరూ ఆమెను చెడ్డదనలేదు. అసలు ఎవరూ ఆమె వైపు రెండోసారి చూడలేదు.

కాదంటే ఏదో విరిగిపోతుందని ఇన్నేళ్లు భయపడింది. ఏమీ విరగలేదు. ఇంత తేలికైన దానికా అనుకునేసరికి మోతీబాయికి సంతోషం రాలేదు, ఒళ్లంతా ఇంకా బరువెక్కింది. తాటిపత్రి పరుచుకుని, మోకాళ్ల కింద మూట పెట్టుకుని పడుకుంది. అవతల సక్రి ఎవరితోనో పప్పు ఎంత పోయాలో వాదిస్తోంది. వాళ్లు కొలత తప్పే చెప్పుకుంటున్నారు. మోతీబాయి కళ్లు మూసుకుంది.