వేలి కొస

మా వీణ టీచర్ పాఠానికి ముందు మా వేళ్లు చూసేది. నాచారంలో ఫ్యాక్టరీల వెనక ఆమెవి రెండు గదులు. గుమ్మంలోనే నా ఎడమచెయ్యి పట్టుకుని, తన బొటనవేలితో నా చూపుడువేలి కొస తడిమేది. తీగ ఒరుసుకునే చోట కాయ కాసి ఉంటే సాధన చేసినట్టు, మెత్తగా ఉంటే లేనట్టు.

ఒకసారి వారమంతా వీణ ముట్టలేదు. బయలుదేరే ముందు వేలిని తీగకేసి గట్టిగా ఒత్తి, గాడి పడ్డాక వెళ్లాను. ఆమె కళ్లు మూసుకుని తడిమింది.

"గిది ఇప్పుడే ఒత్తిన గీత. కాయ గాదు బిడ్డా."

కోప్పడలేదు, కానీ ఆ రోజు నాకు పాఠం చెప్పలేదు.

ఆమె ఉప్పల్‌లో కొడుకు దగ్గర ఉంటోందని తెలిసి మొన్న వెళ్లాను. ఇప్పటికీ నలుగురైదుగురికి నేర్పుతోందట. షుగర్ బాగా ముదిరిందని కోడలు చెప్పి, స్టీలు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. ఆ వేడికి నా గ్లాసు వెంటనే కింద పెట్టేశాను. టీచర్ మాత్రం తన గ్లాసును వేళ్లన్నీ చుట్టి పట్టుకుని తీరిగ్గా తాగింది.

తర్వాత అలవాటుగా నా చెయ్యి అందుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు తడిమింది.

"కాయ గట్లనే ఉన్నది. సాధన ఇడువలే నువ్వు."

నేను వీణ అమ్మేసి ఎనిమిదేళ్లయింది.

"ఇడువలేదు టీచర్" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. గోడవారనున్న తన వీణను మెల్లగా నా ముందుకు జరిపింది.

"ఏదీ, జర వాయించు. నేనింటా."