అమ్మ దిండు, నాన్న నూలు

మొన్న కొట్టాయన నూనె ప్యాకెట్ చేతికిస్తూ, "ఈ పూటకి రేటు ఇదండీ, రేపటి సంగతి నేను చెప్పలేను," అన్నాడు. పింఛను పడిన రోజైనా నాకు దిగులేసింది, ఎందుకంటే పెడనలో నా చిన్నతనమంతా అలాంటి మాటకే భయపడుతూ గడిచింది.

నాన్న మగ్గం నేసేవారు. నూలు ధర ఎప్పుడు పెరుగుతుందో, ఎంత పెరుగుతుందో ఎవరికీ తెలియని రోజులవి కాబట్టి, చీరలు అమ్మిన డబ్బు దగ్గర ఉంచుకుంటే కరిగిపోతుందని ఆయన భయం. ఇల్లు చేరకముందే దానితో నూలు కొనేసి, ఆ కట్టలు అటక మీద పేర్చాకగాని కంటినిండా నిద్రపోయేవారు కాదు. అమ్మ భయం వేరు. ఏ గడియకి ఏం ముంచుకొస్తుందో, దానికెంతవుతుందో తెలియనప్పుడు చేతిలో రొక్కం లేకపోతే ఎలాగని, కూరల ఖర్చులో మిగిల్చిన నోట్లు నాన్నకు తెలియకుండా తన తలదిండులో పెట్టి కుట్టేసేది. ఆ దిండు మీద మమ్మల్ని తల పెట్టనిచ్చేది కాదు, అమ్మ పిసినారితనం దిండుదాకా వచ్చిందని మేం నవ్వుకునేవాళ్లం.

ఒక వానాకాలం ఉదయం ఆరేళ్ల మా చెల్లెలికి ఊపిరి అందక పెదాలు నల్లబడ్డాయి. బందరు ఆసుపత్రికి వెళ్లడానికి కారు కావాలి. నాన్న అటకవైపు చూశారుగాని, కారువాడికి నూలెందుకు? అమ్మ దిండు చింపింది. ఆసుపత్రి ఖర్చుకి ఇంత చాలని ఎప్పుడో అనుకుని దాచిన ఆ డబ్బు, తీరా ఆ రోజుకి కారు కిరాయికే సరిపోయింది.

"నువ్వు పిల్లల్ని తీసుకుని పద, మందుల డబ్బు నేను తెస్తా," అని నాన్న నూలు కట్టలు సైకిలుకి కట్టుకున్నారు.

ఆసుపత్రి వరండాలో గేటువైపే చూస్తూ నిలబడ్డాను. అంత భయం మళ్లీ నా జన్మలో పడలేదు. మధ్యాహ్నం దాటాక నాన్న తడిసి ముద్దై వచ్చారు. వానలకి మగ్గాలు ఆగి ధర పడిపోతుందేమోనని ఏ కొట్టువాళ్లూ నూలు ముట్టుకోలేదట, చివరికి ఒకాయన సగం ధరకి తీసుకున్నాడట. చెల్లెలు బతికింది.

ఆ తర్వాతా నాన్న నూలే కొన్నారు, అమ్మ దిండు మళ్లీ కుట్టుకుంది. కాకపోతే చీరలు అమ్మి వచ్చిన రోజున ఆయన ఒక నోటు ఆ దిండు మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు మగ్గం గుంటలోకి దిగేవారు.

ఇప్పుడు నా డబ్బు ఫోనులో ఉంటుంది. పింఛను పడగానే, ధరలు ఏమవుతాయోనని మూడు నెలల బియ్యం కొనేస్తాను, కొన్న మరుక్షణం మందులకి చాలదేమోనని భయం పట్టుకుంటుంది. ఆ భయాన్ని అమ్మా నాన్నా చెరిసగం మోశారు. మా ఆవిడ పోయాక, రెండు సగాలూ నాకే మిగిలాయి.