కడిగిపెట్టిన కుండలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు తాలూకాలోని ఒక బోర్డు హైస్కూలుకు సైన్సు అసిస్టెంటుగా వేశారు. అప్పటికి నా ప్రొబేషన్ ముగియలేదు. ప్రొబేషన్ అంటే ఉద్యోగం ఉన్నట్టే గాని ఖాయం కానట్టు. జిల్లా విద్యాధికారి తనిఖీకి వచ్చి, వెనక బెంచీలో కూర్చుని మన పాఠం విని, బాగుందని రాస్తేనే ఖాయం చేసేవారు. నాకు అంతకుముందే ఒకసారి పొడిగించారు. ఈసారి కూడా మంచిమాట రాకపోతే ఇంటిదారి పట్టాల్సిందే.

తనిఖీకి నేను ఎంచుకున్న పాఠం సెకండు ఫారానిది, అంటే ఇప్పటి ఏడో తరగతిది. ప్రకృతిలో ఏ జీవి పని ఏమిటన్నది విషయం. మొక్క ఆహారం తయారు చేస్తుంది, దాన్ని గొర్రె తింటుంది, గొర్రెను తోడేలు తింటుంది. ఇంతవరకు పిల్లలు ఇట్టే చెప్పేవారు. చచ్చినవాటినీ రాలినవాటినీ కుళ్ళబెట్టి తిరిగి మన్నులో కలిపే జీవులు కూడా ఉన్నాయంటే మాత్రం ముక్కు మూసుకుని నవ్వేవారు. పిల్లలు నవ్వితే ఊరుకునే రకాన్ని కాను నేను. కళ్ళకు చూపించి తీరతానని పంతం పట్టాను.

నెల ముందే రెండు కుండలు తెప్పించాను. ఒకదానిలో చేని మన్ను, రాలిన ఆకులు, గొర్రె పెంటికలు వేశాం. రెండోదానిలోనూ అవే వేశాం గాని, పురుగూ బూజూ చచ్చేటట్టు మన్నును మంగలంలో వేయించి, మిగతావాటిని ఉడకబెట్టాం. రెండిటికీ మూతలు పెట్టి సైన్సు గది మూలన ఉంచాం. నెల తిరిగేసరికి మొదటి కుండలో ఆకులు నల్లగా చివికిపోయాయి. రెండోదానిలో ఆకు చాలావరకు ఆకుగానే ఉంది. ఇక నాకు తిరుగులేదనుకున్నాను.

తనిఖీ రోజు పాఠం సాఫీగానే సాగింది. చివర్లో కొంత దర్జాగానే మొదటి కుండ మూత తీశాను. లోపల శుభ్రంగా కడిగి ఉంది. గబగబా రెండోది తీశాను. అదీ అంతే. రెండిటిలోనూ అడుగున ఇంత వేపాకు పరిచి ఉంది. అధికారి కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

అప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్న అటెండరు హుసేనప్ప ముందుకు వచ్చాడు. తనిఖీ అంటే గోడల సున్నం నుంచి సిరాబుడ్ల దాకా ఆయనే చూసుకునేవాడు.

"తప్పు నాది సార్. కుండలు కంపు కొడతాండె. అయివారికి మాటొస్తాదని నిన్న పారబోసి కడిగినా. అయివారికి తెలీదు," అన్నాడు.

ఆ మాటతో ఆయన ఉద్యోగానికే ఎసరు రావచ్చు. అయినా తడబడలేదు. ఆయన స్థానంలో నేనుంటే నోరు మెదిపేవాణ్ణని ఇప్పటికీ చెప్పలేను.

ఇంతలో గొర్రెల కాపరి కూతురు సుంకులమ్మ లేచి నిలబడింది. "మా నాయన మంద కట్టిన చేను గోడవతల్నే ఉండాది సార్. ఆడికి పోయి చూస్తే సరిపాయ," అంది.

విత్తనం వేయకముందు చేనులో గొర్రెలను రాత్రిపూట నిలపడాన్ని మంద కట్టడం అంటారు. ఎరువు కోసం రైతులే కాపరులను పిలిపించుకుంటారు. ఆ ఏడు సగం చేనులో కట్టేసరికే మంద వేరే ఊరికి తరలిపోయింది. అధికారి ఏమనుకున్నారో గాని, లేచి క్లాసుతో పాటు నడిచారు. మంద కట్టిన సగంలో జొన్న నడుమెత్తు పెరిగి నవనవలాడుతోంది. కట్టని సగంలో మోకాలు దాటలేదు. సుంకులమ్మ పుల్లతో మన్ను తిరగేసి పేడపురుగులను, తెల్లటి బూజును చూపించింది.

గొర్రెలు ఎరువు వేస్తే చాలదా, పురుగులతో ఏం పని అని అధికారి మెలిక వేశారు.

"పురుగు లేకుంటే పెంటిక పెంటికగానే ఉంటాది సార్. జొన్న దాన్ని అట్లనే తినలేదు గదా. పురుగూ బూజూ దాన్ని మన్ను చేస్తేనే వేరుకందేది. మా నాయన మన్ను తిరగేసి, పురుగుంటేనే చేను బాగుండాదంటాడు."

బి.ఇడి. చదివిన నేను నెల రోజులు చెప్పినా ఆ విషయం అంత తేటగా చెప్పలేకపోయాను. ఆ పిల్లను చూసి నాకు నిజంగా గర్వం కలిగింది.

పాఠం తృప్తికరం అని రిపోర్టు వచ్చింది. నా ఉద్యోగం ఖాయమైంది. హుసేనప్ప గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు. అధికారి కావాలనే వదిలేశారని నా నమ్మకం.

ఆ కుండల గురించి నలభై మంది పిల్లలకు నెల రోజులు చెప్పాను. రోజూ ఆ గది ఊడ్చే మనిషికి మాత్రం అవి ఎందుకున్నాయో ఒక్కమాట చెప్పలేదు. తప్పు ఆయన తన మీద వేసుకున్నాడు గాని, అది నాది. ఆ తరవాత రిటైరయ్యేదాకా ఏ ప్రయోగం పెట్టినా, క్లాసుకన్నా ముందు అటెండరును పిలిచి చెప్పాను.